ఒకరికి తెరుచుకునే పేపర్ ఇంకొకరికి ఎందుకు తెరుచుకోదు? ఆర్కిటెక్చర్ డేటాబేస్‌ల చిక్కుముడి

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల మీద థీసిస్ మొదలుపెట్టిన ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరిది గద్వాల, ఇంకొకరిది వనపర్తి. ఇద్దరూ హైదరాబాద్‌లో బీఆర్క్ చదువుతున్నారు. గద్వాల అమ్మాయి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, వనపర్తి అబ్బాయి ప్రైవేటు కాలేజీలో. వాట్సాప్‌లో వచ్చిన ఒకే లింకును ఇద్దరూ నొక్కితే, ఆ అమ్మాయికి పీడీఎఫ్ దిగింది. ఈ అబ్బాయికి డాలర్లలో ఒక ధర, దాని కింద కొనమని ఒక బటన్ కనిపించాయి. ప్రభుత్వం జర్నల్స్ అన్నీ ఫ్రీ చేసిందన్నారు కదా, మరి నాకెందుకు రావట్లేదు అని అతని టెన్షన్.

పీడీఎఫ్ దిగిన అమ్మాయి పని కూడా అక్కడితో అయిపోదు. సెర్చ్ బాక్స్‌లో అలంపూర్ అని కొడితే టూరిజం పేజీలే ముందుకొస్తాయి. అసలైన రాతలు వేరే స్పెల్లింగుతో, వేరే జిల్లా పేరు కింద, ఒక్కోసారి వేరే భాషలో ఉంటాయి. చందా లేక ఆగిపోయేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. మన పాలమూరు, నల్గొండ కట్టడాల విషయంలో మాత్రం ఏ పేరుతో వెతకాలో తెలియక ఆగిపోయేవాళ్లే ఎక్కువని నా లెక్క. ఈ రెండు అడ్డంకులూ వేరు. విడివిడిగా చూద్దాం.

## ఒకే పేజీలో కనిపించినా ఒకే పని చేయని లోగోలు

కాలేజీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో డేటాబేస్‌ల పేజీ తెరిస్తే లోగోలు వరసగా ఉంటాయి. అన్నీ ఒకటే అనిపిస్తుంది, కావు.

కొన్ని ఇండెక్స్‌లు. ఏ పత్రికలో, ఏ సంచికలో, ఏ పేజీలో ఎవరు దేని గురించి రాశారో చెప్పడం వరకే వీటి పని. ఆర్కిటెక్చర్‌లో బాగా పేరున్నది ఏవరీ ఇండెక్స్. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఏవరీ లైబ్రరీ 1934లో దీన్ని మొదలుపెట్టింది. ఇది చందా కట్టిన సంస్థలకే అందుతుంది. లండన్‌లోని రిబా, అంటే రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్, తన లైబ్రరీ కేటలాగ్‌ను మాత్రం ఎవరైనా పైసా కట్టకుండా వెతుక్కునేలా పెట్టింది. పంచాంగం ముహూర్తం చెబుతుంది, పెళ్లి చేయదు. ఇండెక్స్‌దీ అదే తీరు. అందులో వివరం దొరికాక వ్యాసం కోసం ఇంకో చోటికి వెళ్లాల్సిందే.

ఆ ఇంకో చోటు పూర్తి పాఠం ఉండే వేదిక. 1995లో మొదలైన జేస్టోర్ పాత సంచికలకు పెద్ద దిక్కు. ఆసియా కళా చరిత్రకు ముఖ్యమైన ఆర్టిబస్ ఏషియే, ఆర్స్ ఓరియెంటాలిస్ లాంటి పత్రికలు ఇందులో ఉన్నాయి. చాలా పత్రికల తాజా సంచికలు మాత్రం కొన్నేళ్లు గడిచాకే ఇందులోకి వస్తాయి. దాన్నే మూవింగ్ వాల్ అంటారు. పోయినేడాది వచ్చిన వ్యాసం జేస్టోర్‌లో కనబడకపోతే అది మీ లాగిన్ తప్పు కాకపోవచ్చు. తాజావి ఎల్సెవియర్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ లాంటి ప్రచురణకర్తల సొంత సైట్లలో ఉంటాయి.

ఇంకొన్ని భాండాగారాలు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ తయారుచేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. ఇది చాలావరకు తన దగ్గర ఏమీ దాచుకోదు, ఎక్కడుందో చూపించి అక్కడికి పంపిస్తుంది. పంపిన చోట తాళం ఉంటే తాళమే ఎదురవుతుంది. డిజిటల్ లైబ్రరీలో ఉందన్నారు, తెరుచుకోలేదు అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడతాయి.

చివరగా బొమ్మలు, డ్రాయింగులు. ముస్లిం సమాజాల వాస్తుకు ఆర్క్‌నెట్ ఉంది. ఆగా ఖాన్ ట్రస్ట్, అమెరికాలోని ఎంఐటీ లైబ్రరీ కలిసి నడిపే ఈ సైట్ అందరికీ ఉచితం. దక్కన్ సుల్తానుల కట్టడాల మీద పనిచేసేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. గుళ్లకైతే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ల ఫొటో భాండాగారం. గురుగ్రామ్‌లో వాళ్ల కేంద్రం ఉంది. ఆ ఫొటోలు షికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ ద్వారా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఒకప్పుడు కళాచరిత్ర క్లాసుల్లో వాడిన ఆర్ట్‌స్టోర్ సైట్ 2024లో మూతపడి, దాని బొమ్మలు జేస్టోర్‌లోకి మారాయి. పాత గైడ్లలో ఆ లింకు ఇంకా ఉంటే అది పనిచేయదు.

గూగుల్ స్కాలర్ ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. యంత్రం తిరిగి ఏరుకొచ్చిన జాబితా అది. విస్తారంగా ఉంటుంది కానీ మంచీచెడూ ఎవరూ చూసి పెట్టింది కాదు.

## వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఎవరికి, దేనికి

వనపర్తి అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. జర్నల్స్‌కు కేంద్రమే దేశమంతటికీ కలిపి చందా కట్టే పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న దీనికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు. 6,300కు పైగా సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఆ సంస్థలన్నీ ప్రభుత్వానివే: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, నల్గొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఈ నిర్వచనం కిందకు వస్తాయి. ప్రైవేటు కాలేజీలు రావు. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నంత మాత్రాన ప్రైవేటు కాలేజీ ప్రభుత్వ సంస్థ అయిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

రెండో పొరపాటు ఏమొస్తుందన్న దాని మీద. ఇది పత్రికల పథకం. పుస్తకాలు, డ్రాయింగులు, ఏవరీ లాంటి ఇండెక్స్‌లు ఇందులో భాగం కావు. ఎనర్జీ అండ్ బిల్డింగ్స్ లాంటి ఎల్సెవియర్ పత్రికలు, సౌత్ ఏషియన్ స్టడీస్ లాంటి టేలర్ అండ్ ఫ్రాన్సిస్ పత్రికలు దీని ద్వారా తెరుచుకుంటాయి. ఎండ వేడి, గాలి వాటం, గోడల ఇన్సులేషన్ మీద పనిచేసే విద్యార్థికి ఇది పెద్ద వరమే. గుడి ప్లాన్లు వెతికే విద్యార్థికి లాభం తక్కువ, ఎందుకంటే అతనికి కావాల్సినవి సగం పత్రికల్లో లేవు, మిగతా సగం పాత పత్రికల్లో ఉన్నాయి.

పథకం మీద వాదనలు రెండు వైపులా బలంగానే ఉన్నాయి. సమర్థించేవాళ్లు చెప్పేది: ఒక్కో విశ్వవిద్యాలయం విడిగా బేరమాడితే పెద్ద సంస్థలకే పత్రికలు దక్కేవి, జిల్లా విశ్వవిద్యాలయాలకు మిగిలేది లేదు. దేశమంతా ఒకటిగా బేరమాడితే ఐఐటీ వాళ్లకూ పాలమూరు వాళ్లకూ ఒకే పేపర్ అందుతుంది. తప్పుపట్టేవాళ్లు చెప్పేది: పరిశోధన చేసేది ప్రజల డబ్బుతో, మళ్లీ చదవడానికీ ప్రజల డబ్బే. ప్రపంచం ఓపెన్ యాక్సెస్ వైపు, అంటే పరిశోధనను ఎవరైనా ఉచితంగా చదివే పద్ధతి వైపు, నడుస్తుంటే చందాల్లో వేల కోట్లు పోయడం ఎందుకు? పైగా ప్రైవేటు కాలేజీలో చదివేవాళ్లు కూడా ఇదే దేశపు విద్యార్థులు. నాకు మాత్రం చివరి అభ్యంతరమే గట్టిగా తగులుతుంది. ఆర్కిటెక్చర్ సీట్లలో పెద్ద భాగం ప్రైవేటు కాలేజీల్లోనే ఉంది.

చందా లేనివాళ్లకు దారులు అసలే లేవని కాదు. జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే 30 రోజుల్లో 100 వ్యాసాల వరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. రచయిత తన విశ్వవిద్యాలయ భాండాగారంలో పెట్టిన కాపీ ఉంటే, బ్రౌజర్‌లో అలాంటి ఉచిత కాపీలను వెతికిపెట్టే అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నవాళ్లకు అది చట్టబద్ధంగానే కనిపిస్తుంది. రచయితకు మెయిల్ రాస్తే చాలామంది సంతోషంగా పంపిస్తారు.

## అలంపూర్ ఏ జిల్లాలో ఉంది? ఏ సంవత్సరంలో అడుగుతున్నారు?

ఇప్పుడు రెండో అడ్డంకి. అలంపూర్ ఈరోజు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ 11కు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 1956కు ముందు ఆ రెండూ కాదు: అలంపూర్, గద్వాల తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఇవి ఇటు వచ్చాయి.

సెర్చ్ బాక్స్‌కు ఈ చరిత్ర తెలియదు. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో మొదలైంది. దాని వార్షిక నివేదికలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. వాటిలో అలంపూర్ కోసం మహబూబ్‌నగర్ జిల్లా కింద వెతికితే ఉండదు, రాయచూరు కింద చూడాలి. భారత పురావస్తు సర్వే 1953-54 నుంచి వేసిన వార్షిక సమీక్షల్లోనూ తొలి సంపుటాలకు ఇదే వర్తిస్తుంది. తర్వాత వచ్చిన పుస్తకాలను విదేశీ లైబ్రరీలు ఆంధ్రప్రదేశ్ కింద నమోదు చేశాయి. 2014 జూన్ 2 తర్వాత వచ్చినవే తెలంగాణ కింద ఉంటాయి. కాబట్టి తెలంగాణ టెంపుల్స్ అని మాత్రమే కొట్టే విద్యార్థికి అరవై ఏళ్ల రాతలో పెద్ద భాగం కనబడకుండా పోతుంది.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. కళా చరిత్రకారులు సంస్కృత, తెలుగు పేర్లను ఇంగ్లిష్ లిపిలో రాసేటప్పుడు దీర్ఘాలకు అక్షరం నెత్తిన అడ్డగీత పెడతారు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి యంత్రంతో చదివించినప్పుడు ఆ గీత ఉన్న అక్షరం ఒక్కోసారి వేరే అక్షరంగా మారిపోతుంది. అప్పుడు ఊరి పేరు పేజీలో కళ్లముందు కనబడుతున్నా సెర్చ్‌కు దొరకదు. పుస్తకంలో లేదనుకునే ముందు చివర ఉన్న పేర్ల సూచిక తెరిచి చేత్తో చూడడమే దీనికి మందు.

ఆ అమ్మాయి వెతుకులాట ఇలా సాగొచ్చు. ముందు అలంపూర్ అని జేస్టోర్‌లో. తర్వాత ఊరి పేరు వదిలేసి బాదామి చాళుక్యులు, నాగర శైలి, రేఖా శిఖరం అనే మాటలతో. ఎందుకంటే ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి ఈ గుళ్ల ప్రస్తావన బాదామి, పట్టదకల్, మహాకూట మీద రాసిన వ్యాసాల మధ్యలో వస్తుంది, శీర్షికలో ఊరి పేరు ఉండదు. ఆ వ్యాసాల అడుగున ఉన్న ఫుట్‌నోట్లు చూస్తే 1971లో ఆర్ట్స్ ఏషియాటిక్స్ అనే ఫ్రెంచి పత్రికలో ఓడిల్ దివాకరన్ అలంపూర్, ఆ చుట్టుపక్కల చాళుక్యుల నాటి ఆలయాల మీద రాసిన సుదీర్ఘ వ్యాసం తగులుతుంది. ఫ్రెంచి భాషలో ఉంది కాబట్టి ఇంగ్లిష్‌లో టెంపుల్స్ ఆఫ్ అలంపూర్ అని కొడితే ముందుకు రాదు. ఆ పత్రిక పాత సంచికలు ఫ్రాన్స్‌కు చెందిన పెర్సే అనే సైట్‌లో ఎవరికైనా ఉచితం. ఇక్కడ చందా ఉన్న అమ్మాయికీ లేని అబ్బాయికీ తేడా ఏమీ లేదు.

## రెండు పానగళ్లు, రెండు పిల్లలమర్రులు

నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి. కందూరు చోళుల కాలం నాటివి. వనపర్తి జిల్లాలో కొండ కోట ఉన్న పాన్‌గల్ వేరు. బహమనీలకూ విజయనగరానికీ మధ్య 15వ శతాబ్దంలో జరిగిన యుద్ధాల గురించి చదువుతుంటే ఈ పేరు వస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు ఊళ్లనూ ఒకేలా రాస్తారు. నల్గొండ పానగల్‌ను పానుగల్లు, పానగల్లు అని కూడా రాసినవాళ్లున్నారు. ఛాయా అనే మాటకు ఒక హెచ్ పెట్టేవాళ్లూ, రెండు హెచ్‌లు పెట్టేవాళ్లూ ఉన్నారు. కోట గురించిన వాక్యాన్ని గుడి చరిత్రలో అతికించిన రిపోర్టు, మార్కులు వేసే జ్యూరీ ముందు నిలబడదు.

పిల్లలమర్రి కథ ఇంకా సరదాగా ఉంటుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల రెడ్డి వంశీయులు కట్టించిన కాకతీయ కాలపు ఆలయాలున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి ఊడల మర్రిచెట్టు. గూగుల్‌కు చెట్టు మీదే ప్రేమ ఎక్కువ. ఎరకేశ్వర, నామేశ్వర అనే గుడి పేర్లో, రేచర్ల అనే వంశం పేరో జోడిస్తేనే గుళ్లు బయటపడతాయి. శాసనాల సంపుటాల్లో వెతికేటప్పుడు జిల్లాగా నల్గొండ వేయాలి, సూర్యాపేట జిల్లా పుట్టింది 2016లోనే.

## కట్టడమే ఊరు మారితే మ్యాపు ఏం చెబుతుంది

కృష్ణా, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి ఉండేది. అక్కడి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. అంటే 1971 నాటి వ్యాసంలో వర్ణించిన గుడి చుట్టూ నది ఉంటుంది, ఇప్పుడు మీరు వెళ్లి చూసే గుడి చుట్టూ ఉండదు. ప్లాన్ అదే, సైట్ వేరు. సైట్ అనాలిసిస్ షీట్‌లో ఈ రెండింటినీ కలిపేస్తే గాలి దిశ మొదలుకుని నదికి దిగే మెట్ల దాకా అన్నీ తప్పుతాయి. పైగా సంగమేశ్వర అని వెతికితే పట్టదకల్‌లోనిదీ, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడే నంద్యాల జిల్లా సంగమేశ్వరమూ కలిసి వస్తాయి.

పాత సైట్ చూడాలంటే ఆర్కిటెక్చర్ డేటాబేస్‌లు పనికిరావు, మ్యాపులు కావాలి. అమెరికా సైన్యపు మ్యాప్ విభాగం 1950ల్లో అచ్చువేసిన భారత మ్యాపుల వరస ఒకటి టెక్సస్ విశ్వవిద్యాలయపు లైబ్రరీ సైట్‌లో ఉచితంగా ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం నిండకముందు నది ఒడ్డున ఏ ఊరు ఎక్కడుందో అందులో తెలుస్తుంది. అంతకన్నా దగ్గరగా చూడాలంటే కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలున్నాయి. జబ్బుకు సంబంధం లేదు, 1960 నుంచి 1972 దాకా అమెరికా నడిపిన కార్యక్రమం పేరు అది. 1995లో రహస్య ముద్ర తీసేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ సైట్‌లో ఇప్పటికే స్కాన్ అయినవి ఉచితంగా దిగుతాయి. ఇప్పటి నీటి అంచు కోసం ఇస్రో వారి మ్యాపుల సైట్ భువన్ చాలు.

నెట్‌లో ఉంది కాబట్టి ఎప్పుడైనా చూసుకోవచ్చు అనుకోవడం మంచిది కాదు. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక దాని ఆన్‌లైన్ సేవలు చాలాకాలం ఆగిపోయాయి. కావాల్సిన పేజీని, ఎక్కడ తీసుకున్నారో వివరంతో సహా, దొరికిన రోజే దాచుకోవడం మేలు.

## కోడ్‌లు, జీవోలు

కట్టేటప్పుడు పాటించాల్సిన ఈ నియమాల గురించి చెప్పాల్సింది తక్కువ. భారతీయ ప్రమాణాలను వాటిని తయారుచేసే జాతీయ సంస్థ బీఐఎస్ తన పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా ఇస్తోంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ విషయంలో జాగ్రత్తగా చూడాల్సింది సంవత్సరం. 2005 నాటి పాత పీడీఎఫ్ ఇంకా చేతులు మారుతూనే ఉంది, తర్వాతి కూర్పు 2016ది. నల్గొండ పట్టణంలో సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ ఖాళీ జాగా, ఎంత వదలాలో జర్నల్స్‌లో వెతకడం వృథా. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168, దానికి తర్వాత వచ్చిన సవరణలు ప్రభుత్వ సైట్‌లో చూసుకోవాలి.

## దొంగదారి, జెరాక్సు, చాట్‌బాట్

చందా లేనివాళ్లలో చాలామంది ఏం చేస్తారో అందరికీ తెలుసు. చందా పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సైట్ సై-హబ్ మీద ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025లో ఆ సైట్‌ను దేశంలో నిలిపివేయాలని ఆదేశం వచ్చింది. కాపీరైట్ చట్టం ప్రకారం ఇది ఉల్లంఘనేనని ప్రచురణకర్తలు అంటారు. రచయితలకు పైసా ఇవ్వని వ్యాసానికి చదువరి అంత ధర ఎందుకు కట్టాలని పరిశోధకులు అడుగుతారు. క్లాసు కోసం పుస్తకంలోని భాగాలు జెరాక్సు తీసుకోవడం మాత్రం వేరే విషయం. ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్సు షాపు కేసులో అదే హైకోర్టు 2016లో బోధన అవసరానికి అది చట్టం ఇచ్చిన మినహాయింపు కిందకు వస్తుందని చెప్పింది.

చాట్‌బాట్‌ను రిఫరెన్సులు అడగడం ఇప్పుడు కొత్త అలవాటు. లేని పేపర్‌కు కూడా అవి రచయిత, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా కల్పించి ఇవ్వగలవు. డీఓఐ సంఖ్య, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తే దాన్ని డీఓఐ సైట్‌లో వేసి చూడండి, నిజమైనదైతే అదే వ్యాసం తెరుచుకుంటుంది. పాత వ్యాసాలకు డీఓఐ లేకపోవచ్చు. అప్పుడు రిబా కేటలాగ్‌లోనో జేస్టోర్‌లోనో పత్రిక పేరు, సంపుటం కలుస్తున్నాయో లేదో చూడాలి.

## ఏ డేటాబేస్‌లోనూ లేనివి

అన్నిటికన్నా కావాల్సినవి అసలు వలలో పడవు. బీఆర్క్ విద్యార్థులు టేపులు పట్టుకుని వెళ్లి గడి, బురుజు, గుడి కొలిచి గీసిన మెజర్డ్ డ్రాయింగులు ఏటా తయారవుతాయి, కాలేజీ అల్మారాల్లోకి చేరతాయి. శోధ్‌గంగ తీసుకునేది పరిశోధన థీసిస్‌లనే, బీఆర్క్ పని అందులోకి రాదు. కాలేజీ సొంత డిజిటల్ భాండాగారం పెట్టుకోవచ్చు, నేషనల్ డిజిటల్ లైబ్రరీకి దాని వివరాలు ఇవ్వొచ్చు. అక్కడ హక్కుల ప్రశ్న వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో డ్రాయింగ్ కళాకృతి, దాని తొలి హక్కుదారు మామూలుగా గీసినవారే. గ్రూపుగా గీసిన షీట్ అయితే అందరి ఒప్పుదలా కావాలి. పాసై వెళ్లిపోయినవాళ్ల సంతకాలు తేవడం ఎవరికీ పట్టదు. అడ్మిషన్ రోజునో, షీట్లు సబ్మిట్ చేసే రోజునో ఒక అనుమతి పత్రం తీసుకుంటే ఈ గొడవ ఉండదు. అది జరిగేదాకా దేవరకొండ కోట సెక్షనో, పచ్చల సోమేశ్వరాలయం ప్లానో కావాల్సినవాళ్లు సెర్చ్ బాక్స్ కన్నా ముందు సీనియర్లకు ఫోన్ చేయడం మంచిది.